ఆపరేటర్ గది కిటికీలోంచి

పాఠకుల ప్రశ్నలకు ఆపరేటర్ కాకా జవాబులు

ఈ నెల ఉత్తరాలన్నీ సినిమాల మీదే వచ్చాయి. మహారాష్ట్రలో మన తెలుగువాళ్ళున్న రాజురా, కిన్వట్, సిరోంచ, ధర్మాబాద్, అహేరి, చంద్రపూర్... అంతటా అందరూ ఈ మధ్య ఏదో ఒకటి చూసినట్టున్నారు. కొత్తగా చదువుతున్నవారికి ఒక్క మాట. నేను బల్లార్పూర్‌లో ఒక సినిమా హాలులో 31 ఏళ్ళు ప్రొజెక్టర్ నడిపాను. మరాఠీవాళ్ళూ తెలుగువాళ్ళూ నన్ను కాకా అనే పిలిచారు. రెండు భాషల్లోనూ ఆ పిలుపు చిన్నాన్నదే. అందుకే ఈ శీర్షికకు కూడా అదే పేరు ఉంచమని అడిగాను.

ప్రశ్న: కాకా, నమస్కారం. 'నటసామ్రాట్' మరాఠీలో చూసి ఏడ్చినదాన్ని. మొన్న మా పిల్లలు 'రంగమార్తాండ' పెట్టారు. నానా పాటేకర్ ముందు ఎవరూ నిలవరని మా ఆయన అంటారు. మా అత్తగారు ప్రకాశ్ రాజ్ వైపు. మీరు ఎవరి వైపు?
— ఒక గృహిణి, రాజురా

అమ్మా, ఈ తగువు మా ఇంట్లోనూ నడిచింది. మరాఠీ రచయిత శిర్వాడ్కర్ రాసిన 'నటసామ్రాట్' నాటకం 1970లో రంగస్థలం ఎక్కింది. అందులోని ముసలి నటుడి వేషం మొదట కట్టింది డాక్టర్ శ్రీరామ్ లాగూ. మరాఠీవాళ్ళకు ఆ పాత్ర ఎలాంటిదంటే, మన పద్యనాటకాల్లో రాయబారం కృష్ణుడి లాంటిది. చూసేవాడికి ప్రతి మాటా ముందే నోటికి వచ్చి ఉంటుంది. 2016లో మహేశ్ మంజ్రేకర్ తీసిన సినిమాను నేను చంద్రపూర్‌లో చూశాను. తలదాచుకునే ఇల్లు కోసం అడిగే ఆ స్వగతం వచ్చినప్పుడు నా పక్క కుర్చీలోని పెద్దాయన నానాతో పాటు పెదవులు కదుపుతూ కూర్చున్నాడు. అన్నీ తెలిసిన మాటలే. అయినా వాటిని అప్పుడే పుట్టినట్టు వినిపించడం నానా గొప్ప.

ప్రకాశ్ రాజ్‌కు అటువంటి ప్రేక్షకుడు లేడు. 2023లో కృష్ణవంశీ ఆ కథను తెలుగులోకి తెచ్చినప్పుడు ఆ మాటలు మనకు కొత్త. కాబట్టి ఆయన మాట కన్నా మౌనాన్ని ఎక్కువ నమ్ముకున్నారు. నానాలో కోపం ముందు కనిపిస్తుంది, ప్రకాశ్ రాజ్‌లో అవమానం. నా వరకు నానాదే ఒక మెట్టు పైన. మీ వారికి ఈ మాట చెప్పండి. అయితే నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూసింది ఈ ఇద్దరిలో ఎవరినీ కాదు. బ్రహ్మానందాన్ని, రమ్యకృష్ణను.

'అహ నా పెళ్ళంట' వచ్చింది 1987లో. అప్పటి నుంచి బ్రహ్మానందం తెర మీదికి రాగానే, నోరు తెరవకముందే హాలులో నవ్వు మొదలయ్యేది. ఎన్నో ఏళ్ళు ఆ నవ్వు నా గది దాకా వచ్చి తగిలింది. అలా అలవాటు పడ్డ ముఖాన్ని ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టి, మిత్రుడితో చివరి మాటలు మాట్లాడించారు. ఆ ఘట్టం మొదలు కాగానే మా ఆవిడ అలవాటుగా నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ కనుబొమలు మనకు తెలిసినవే. వాటిని ఆయన కదపలేదు, అంతే. జీవితమంతా దేనితో అన్నం తిన్నాడో దాన్ని పక్కన పెట్టి నిలబడటానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఇక రమ్యకృష్ణ. 'నరసింహ'లో నీలాంబరి, 'బాహుబలి'లో శివగామి, ఇద్దరూ శాసించే ఆడవాళ్ళు. ఇక్కడ ఆమె ఎక్కువసేపు వింటూ ఉంటుంది. ఈసారి ప్రకాశ్ రాజ్ మాట్లాడుతున్నప్పుడు ఆయనను వదిలేసి ఆమె కళ్ళు చూడండి. మీ అత్తగారిని కూడా చూడమనండి.

ప్రశ్న: కాకా, ఫలానా నటుడికి రేంజ్ ఉంది, ఫలానా వాడికి లేదు అని మా కాలేజీలో రోజూ వాదన. రేంజ్ అంటే అసలు ఏమిటి? వేషం మార్చడమా, యాస మార్చడమా, ఒకే సినిమాలో నాలుగైదు పాత్రలు వేయడమా?
— ఒక విద్యార్థి, ధర్మాబాద్

బాబూ, దీనికి జవాబు నేను పుస్తకాల్లో చదవలేదు. ఒక స్పీకరు చెడిపోవడం వల్ల తెలుసుకున్నాను.

మా గదిలో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. ఒక్కో రీలు వెయ్యి అడుగులు, పదకొండు నిమిషాలు నడుస్తుంది. మేము రెండేసి రీళ్ళు అతికించి ఎక్కించేవాళ్ళం. లోపల కార్బన్ కడ్డీలు మండుతుంటాయి. అవి అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి, లేకపోతే తెర మీద వెలుగు పచ్చబడుతుంది. రీలు చివరికి వచ్చేసరికి తెర కుడివైపు పై మూలలో గుండ్రటి మచ్చ ఒకటి మెరుస్తుంది. అప్పుడు రెండో యంత్రం మోటారు వేయాలి. కొన్ని సెకన్లకు ఇంకో మచ్చ మెరుస్తుంది. అప్పుడు వెలుగును ఇటు మూసి అటు తెరవాలి. హాలులో కూర్చున్నవాడికి ఆ మచ్చలు కనబడవు. నాకు మాత్రం వాటి కోసం రెప్ప వేయకుండా చూడటమే ఉద్యోగం. యంత్రాల రొదలో మాటలు వినాలంటే గోడకు బిగించిన చిన్న స్పీకరే దిక్కు.

ఒక ఉగాదికి 'మాయాబజార్' పాత ప్రింటు తెప్పించారు. గీతలు పడిన ప్రింటు. అయినా కాగితపు మిల్లులోని మనవాళ్ళు, గనుల్లోని మనవాళ్ళు పిల్లాపాపలతో కదిలి వచ్చారు. సరిగ్గా ఆ వారమే నా స్పీకరు పోయింది, బాగుచేయించే తీరిక ఎవరికీ లేకపోయింది. రోజుకు మూడు ఆటలు, ఏడు రోజులు. 21 సార్లు ఆ సినిమాను నేను మాటలు లేకుండా చూశాను.

సావిత్రి అందులో శశిరేఖ. శశిరేఖ రూపంలో వచ్చిన ఘటోత్కచుడు కూడా సావిత్రే. చీర, నగలు, ముఖం అన్నీ ఒకటే. ఒక్క మాట వినపడకపోయినా, ఆ రూపం లోపల ఉన్నది ఎవరో నాకు క్షణంలో తెలిసిపోయేది. మాయ శశిరేఖకు మెడ నిక్కుతుంది, భుజాలు వెడల్పవుతాయి. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు అడుగు బరువుగా పడుతుంది. ఎవరో వస్తున్న అలికిడి కాగానే ఆ బరువంతా ఎక్కడికో జారిపోయి సిగ్గు వచ్చి వాలుతుంది. పెళ్ళి తంతులో రేలంగి కాలు తొక్కినప్పుడు ముఖం పెళ్ళికూతురుదే, పాదం మాత్రం ఎస్.వి. రంగారావుది! రంగారావు నడకను ఆమె ఊరికే అనుకరించి ఉంటే నవ్వొచ్చి పోయేది. అంతటి రాక్షసుడు ఆడపిల్ల ఒంట్లో ఇరుక్కుంటే ఎలా ఒదుగుతాడో ఆమె లోపల నుంచి చేసి చూపింది. అది 1957. ఆమెకు అప్పటికి ఎంత చిన్న వయసో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నీ ప్రశ్నకు నా జవాబు అదే. ఐదు వేషాలు కట్టినా ఐదింట్లో ఒకే మనిషి కనబడితే అతను ఐదు చొక్కాలు మార్చాడంతే. యాస నేర్చుకోవచ్చు, గడ్డం పెంచుకోవచ్చు. మాట లేనప్పుడు, ముఖ్యంగా ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు అతను ఎవరుగా ఉన్నాడో చూడు. అప్పటి నుంచి నాకిది అలవాటైంది. నచ్చిన సినిమాను రెండోసారి మాటలు ఆపేసి చూస్తాను. నీకు ఫోనులో ఆ పని ఒక్క వేలితో అవుతుంది. మీ కాలేజీలో ఎవరి మీద వాదన జరుగుతోందో వాళ్ళ సినిమా ఒకటి అలా చూసి, మళ్ళీ ఉత్తరం రాయి.

ప్రశ్న: కాకా గారూ, నేను మరాఠీ బడిలో పంతులమ్మను. మా అమ్మకు 'బలగం' చూపించాను. సినిమా అంతా అయ్యాక, "వీళ్ళంతా మన ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు" అంది. ప్రియదర్శి అంటే నవ్వించే కుర్రాడనుకున్నాను. ఈ బరువు ఎలా మోశాడు?
— ఒక ఉపాధ్యాయురాలు, సిరోంచ

తల్లీ, మీ అమ్మగారి మాటే ఆ సినిమాకు పెద్ద బహుమతి. గోదావరి అవతల కాళేశ్వరం, ఇవతల మీరు. వంతెన రాకముందు పడవ దాటి పెళ్ళి సంబంధాలు కలుపుకున్న ఊళ్ళు మనవి. బడిలో మరాఠీ, బజారులో హిందీ, పొయ్యి దగ్గర మాత్రం తెలుగు. ఆ పొయ్యి దగ్గరి తెలుగు తెర మీద వినబడితే పెద్దవాళ్ళకు ఎలా ఉంటుందో నేను ఊహించగలను. సినిమా తెలుగంటే నాకు చిన్నప్పటి నుంచీ కృష్ణా గోదావరి జిల్లాల తెలుగే. మా నాన్న దాన్ని రేడియో తెలుగు అనేవాడు. అది అర్థమయ్యేది, కానీ మా నోట పలికేది కాదు.

ప్రియదర్శిని మీరు 2016లో 'పెళ్ళిచూపులు'లో చూసి ఉంటారు. నవ్వి నవ్వి అలసిపోయాం. 2019లో 'మల్లేశం' చూసి ఉంటే ఇప్పుడు ఇంత ఆశ్చర్యపడేవారు కాదు. అమ్మ భుజం నొప్పి చూడలేక నూలు చుట్టే ఆసు యంత్రం చేసిన చేనేత బిడ్డ కథ అది. 'బలగం'లో అతను చేసిన అసలు కష్టమైన పని ఏడవకపోవడం. ఇంట్లో శవం ఉంది. నిశ్చితార్థం ఆగిపోయింది, అప్పులవాళ్ళు ఉన్నారు, కట్నం మీద పెట్టుకున్న ఆశ పోయింది. తాత పోయాడన్న బాధ కన్నా ఇప్పుడే ఎందుకు పోయాడన్న చిరాకు ముందు వస్తుంది. ఆ చిరాకును దాచుకోవడం కూడా రాదు. అలాంటి మనవడిని మనం అసహ్యించుకోకుండా చూసేలా చేశాడు. మనందరి ఇళ్ళలో అలాంటి మనవడు ఒకడు ఉంటాడు కనుక.

ఒక నల్లి బొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన అలక ఏళ్ళ తరబడి సాగడం మా ఆవిడకు చాలా నచ్చింది. వాళ్ళ పుట్టింట్లో ఇంచుమించు అలాంటిదే జరిగింది. చివరలో బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడినప్పుడు నటన, నటన కానిది అన్న తేడా నాకు తెలియలేదు. మొగిలయ్య 2024లో కన్నుమూశారు.

ఈసారి అమ్మగారికి 'కోర్ట్' చూపించండి. 2025లో వచ్చింది. అందులో ప్రియదర్శి కుర్ర వకీలు. కానీ కళ్ళు తిప్పుకోనివ్వనిది మంగపతిగా శివాజీ. ఒకప్పుడు మనకు సరదా హీరోగా తెలిసిన మనిషి ఇంట్లో అందరూ భయపడే మామయ్యగా కూర్చుంటే, ఆయన గది దాటి వెళ్ళాక కూడా ఆ గదిలో ఎవరూ మామూలుగా ఊపిరి పీల్చుకోరు.

ప్రశ్న: అన్నా, నేను బొగ్గు బావిలో పనిచేసి దిగినవాడిని. 'దసరా' చూశాను. బొగ్గు ఊరును చూపించినందుకు సంతోషం. కానీ అది మన నలుపు కాదనిపించింది. నువ్వేమంటావు?
— ఒక విశ్రాంత కార్మికుడు, బల్లార్పూర్

తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజం. మా అన్న కూడా బావిలోనే చేశాడు. షిఫ్టు దిగి వచ్చి, వదిన పెట్టిన వేడినీళ్ళన్నీ పోసుకున్నా, కనురెప్పల అంచున బొగ్గు మిగిలిపోయేది, కాటుక పెట్టుకున్నట్టు. గోళ్ళ చుట్టూ సన్నటి నల్లగీత. ముఖమంతా శుభ్రంగా ఉంటుంది, ఆ రెండు చోట్లే బావి కనబడుతుంది. సినిమాలో నలుపు ఒళ్ళంతా ఒకే తీరుగా పరుచుకుని ఉంది. నేనూ అది గమనించాను.

కానీ నాని విషయంలో ఒకటి ఒప్పుకో. అతను చేసిన ధరణి పిరికివాడు. మందు పడితే తప్ప ధైర్యం రాదు. ఆ పిరికితనం అతని మెడలో ఉంది, వంగిన భుజాల్లో ఉంది. 2019లో వచ్చిన 'జెర్సీ'ని పక్కన పెట్టి చూడు. రెండింట్లోనూ రైలు ఉంది. 'జెర్సీ'లో స్టేషన్‌లో నిలబడి, రైలు చప్పుడులో కలిసిపోయేలా గొంతు చించుకుని అరుస్తాడు. ఆనందాన్ని ఎవరికీ వినపడనివ్వని చదువుకున్న మనిషి అరుపు అది. 'దసరా'లో అదే మనిషి బొగ్గు రైలు ఎక్కితే చేతులు, కాళ్ళు వేరే మనిషివి. నలుపు తప్పితే మేకప్‌వాడిని అడుగుదాం. నడక తప్పలేదు.

కీర్తి సురేశ్ కూడా అంతే. 'మహానటి'కి జాతీయ అవార్డు వచ్చినప్పుడు, సావిత్రిని అచ్చుగుద్దినట్టు చేసిందని అందరూ మెచ్చుకున్నారు. ఆ అచ్చులో నుంచి ఎప్పుడు బయటపడుతుందో అని నేను దిగులుపడ్డాను. 'దసరా'లో బరాత్ ముందు ఆమె వేసిన చిందు చూశాక ఆ దిగులు తీరింది.

ప్రశ్న: కాకా, సాయాజీ షిండే తెలుగు మాట్లాడితే మా హైదరాబాద్ బంధువులు నవ్వుతారు. నాకు కోపం వస్తుంది. వేరేవాళ్ళతో డబ్బింగ్ చెప్పిస్తే మంచిదా?
— ఒక దుకాణదారు, కిన్వట్

వద్దు. నా మాటగా మీ బంధువులకు చెప్పండి. సాతారా వైపు నుంచి వచ్చిన మనిషి మన భాషను తన గొంతుతో మోస్తున్నాడు. ఆ పలుకులో మరాఠీ వాసన ఉంటే ఉండనివ్వండి. 1956 దాకా మీ కిన్వట్, మా పొరుగు రాజురా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేవి. పటం మీద గీత జరిగింది, నాలుక జరగలేదు. మనం మాట్లాడే తెలుగును విన్నా వాళ్ళు నవ్వుతారు కదా! ఇదే షిండే 2000లో తమిళంలో మహాకవి సుబ్రహ్మణ్య భారతిగా నటించారు. మనవాళ్ళు ఆయనకు ఎక్కువగా ఇచ్చింది అరిచే అధికారి, చెడ్డ రాజకీయ నాయకుడు. ఆయన శక్తిలో నాలుగోవంతు కూడా మనం వాడుకోలేదని నా బాధ.

డబ్బింగ్ కళాకారుల మీద నాకు చిన్నచూపు లేదు. సుమన్‌కు, రాజశేఖర్‌కు సాయికుమార్ ఇచ్చిన గొంతు లేకుండా ఆ రోజుల్ని ఊహించలేను. 2009లో 'అరుంధతి'లో సోనూ సూద్ ముఖం ఎంత భయపెట్టిందో రవిశంకర్ గొంతు అంతకన్నా ఎక్కువ భయపెట్టింది. ఆ ఆటలప్పుడు నేను స్పీకరు శబ్దం తగ్గించి చూశాను. భయం సగమైంది. సగం నటన ఎవరిదో అలా తెలిసింది. అందుకే అంటున్నాను, సొంత గొంతు ఉన్న నటుడి దగ్గర నుంచి దాన్ని తీసేయకూడదు.

ప్రశ్న: 'కలర్ ఫొటో' చూసి సుహాస్‌ను మా తమ్ముడిలా అనుకున్నాను. 'హిట్ 2' చూశాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఇది అన్యాయం కాదా?
— ఒక నర్సు, చంద్రపూర్

కాదమ్మా. రెండింట్లోనూ అవే అమాయకమైన కళ్ళు. మొదటిసారి వాటిని నమ్మి ఏడ్చారు, రెండోసారి నమ్మినందుకే భయపడ్డారు. నిద్ర కోసం 'రైటర్ పద్మభూషణ్' చూడండి.

ప్రశ్న: ఈ మధ్య చూసినవాటిలో మీకు నచ్చనిది?
— ఒక పాఠకుడు, దెగ్లూర్

పేరు రాయను, అందులో పనిచేసినవాళ్ళు వందల మంది ఉంటారు. మూడు గంటల సినిమాలో హీరో ఎవరి మాటా వినలేదు. తల్లి ఏడుస్తూ మాట్లాడుతుంటే కెమెరా అతని నల్లకళ్ళద్దాల మీద ఉంది. ఆ తల్లి పాత్ర వేసినావిడ మంచి నటి. ఆమె ముఖం చూడనివ్వలేదని ఇప్పటికీ కోపంగా ఉంది.

ప్రశ్న: కాకా, నేను ఝాడీపట్టీ నాటకాల్లో చిన్న వేషాలు వేస్తాను. మరాఠీలోనే. ఇంట్లో మాత్రం తెలుగు. నా ముఖం చూసి ఎప్పుడూ విలన్ వేషమే ఇస్తారు. నాకు వేరే పాత్రలు రావా?
— ఒక యువ నటుడు, అహేరి

నాయనా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వరికోతలయ్యాక, ఎడ్లపందేలు పెట్టిన ఊళ్ళలో రాత్రంతా సాగే ఆ నాటకాలను నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. చలికి గొంగళి కప్పుకుని, తెల్లవారుజామున చివరి అంకం దాకా కదలకుండా కూర్చునే జనం అక్కడ తప్ప ఇంకెక్కడా లేరు. మీ గడ్చిరోలి జిల్లా వాడే పరశురామ్ ఖుణే ఈ రంగస్థలం మీదే జీవితమంతా వేషాలు కట్టారు. దాదాపు 800 పాత్రలంటారు. 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పట్నం వెళ్ళలేదు, పట్నమే ఆయన దగ్గరికి వచ్చింది.

విలన్ వేషం అంటే చిన్నబుచ్చుకోకు. కోట శ్రీనివాసరావును చూడు. 1985లో 'ప్రతిఘటన'లో కాశయ్యగా ఆయన్ను చూసి మా హాలులో ఆడవాళ్ళు శాపనార్థాలు పెట్టారు. రెండేళ్ళకు 'అహ నా పెళ్ళంట'లో లక్ష్మీపతిగా వచ్చారు. కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే పిసినారి. ఆ ముద్ద నోట్లో పెట్టుకునే ముందు కోడి వైపు ఒకసారి చూస్తారు చూడు, ఆ చూపు మీదే ఆగు. కాశయ్యదీ అదే చూపు. అక్కడ అధికారం మీద ఆశ, ఇక్కడ పైసా మీద ఆశ. ఒకే ఆశతో ఒకచోట వణికించారు, ఒకచోట నవ్వించారు. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నాటకాలు వేసిన మనిషి ఆయన. 2025 జూలైలో ఆయన పోయిన రోజు నేను ఆ రెండు సినిమాలూ వరుసగా పెట్టుకున్నాను.

కాబట్టి నీ విలన్‌కు ఏం కావాలో ముందు తేల్చుకో. భూమి కావాలా, పరువు కావాలా, ఎవరైనా ఒక్కసారి ప్రేమగా పిలవాలా? అది తెలిస్తే అరవాల్సిన పని సగం తగ్గుతుంది. మిగతా నటులు మాట్లాడుతున్నప్పుడు నీ తర్వాతి మాట కోసం కాచుకుని ఉండకు. ప్రాంప్టర్ ఉన్నాడు, మాట అతను అందిస్తాడు. నువ్వు విను.

వచ్చే పంటల తర్వాత మీ నాటకం ఎక్కడ పడుతుందో, వడ్సా వైపైనా సరే, తేదీ రాసి పంపు. బల్లార్పూర్ నుంచి బయలుదేరి చీకటి పడకముందే వచ్చేస్తాను. ముందు వరుస కుర్చీ నాకు వద్దు. నువ్వు మాట్లాడకుండా నిలబడినప్పుడు నీ ముఖం ఏ పక్క నుంచి బాగా కనబడుతుందో ఆ పక్క కాస్త చోటు చూసి ఉంచు.